రెండో రకం గ్లాసులు

ప్రొద్దుటూరు బజారులో నాకంటే తెలివైనవాళ్ళు చాలామందే ఉన్నారు. అయితే బెంగుళూరు హోల్‌సేలు వ్యాపారితో ఫోన్లో ఒక పూటంతా బేరమాడి, ఆయన గొంతు బొంగురుపోయేదాకా లాగి, ఒక లారీ నిండా టీ గ్లాసులు దించుకున్నదాన్ని నేనొక్కదాన్నే. గాజువి. అన్నీ ఒకటే అచ్చు, ఒకటే సైజు. ఆయన పాపం మధ్యలో బతిమాలినాడు. రెండు రకాలు కలిపి తీసుకోండి మేడం, సగం తెల్లవి, సగం అంచు కింద పచ్చగీత ఉండేటివి, మీ పక్కకు అట్లే పోతాయి అన్నాడు. నాకు నవ్వొచ్చింది. అమ్ముడుపోని సరుకును అమ్ముడుపోయే సరుకుకు ముడేసి అంటగట్టడం నేను లంగా వోణీ కట్టకముందే మా నాయన దగ్గర నేర్చుకున్న విద్య. దాన్ని నా మీదే చూపిస్తాడా అని, పచ్చగీత ఒక్కటి కూడా వద్దు, అన్నీ తెల్లవైతేనే లారీకి ఎత్తమన్నా. ఒకటే రకం తీసుకుంటాండాను కాబట్టి ఇంకా తగ్గించమన్నా. తగ్గించినాడు. నన్ను ఆర్థికమంత్రిని చేసుంటే రూపాయికి ఈ గతి పట్టేది కాదని మా ఆయనతో అన్నా. ఆయన అన్ని పెట్టెలు గోడౌనులో యాడ పెట్టాలని మాత్రం అడిగినాడు.

మాది వాడి పారేసే వస్తువుల అంగడి. మా నాయన కాలంలో విస్తరాకులు, ఆ తర్వాత ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, కాగితం గిన్నెలు. ఆయనకు కొడుకులు లేరు కాబట్టి నన్నే గల్లాపెట్టె దగ్గర కూచోబెట్టినాడు. పెండ్లయినాక మా ఆయన కూడా ఈ అంగడికే వచ్చి చేరినాడు. లెక్క ఆయనది, నోరు నాది.

గాజు గ్లాసుల మీద నాకెందుకు మనసు పోయిందంటే, ప్రభుత్వం పలచటి ప్లాస్టిక్ గ్లాసులను నిషేధించింది. తనిఖీకి వచ్చినవాళ్ళు బజారు మీద పడి గోతాలు గోతాలు ఎత్తుకుపోయినారు. మావీ పోయినాయి. సరే, కాగితం గ్లాసులు అమ్ముకుందాంలే అనుకుంటాంటే, వాటి లోపల కూడా సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటాది, రేపో మాపో అవీ పోతాయని, ఆఫీసుల్లో తిరిగే ఒకాయన నా చెవిన వేసినాడు. అందరికంటే ముందు తెలిసిన మాట. అందుకే అందరికంటే ముందు లారీ దించుకున్నా. జమ్మలమడుగు అవతల పల్లెల్లో ప్రతి టీ అంగడికీ ఇంక గాజు గ్లాసే గతి అని నా లెక్క.

ఇంకో సంగతి కూడా చెప్పాల. వాడి పారేసే గ్లాసంటే నాకు వ్యాపారం మాత్రమే కాదు, ఒక గర్వం. నా చిన్నప్పుడు నాయన వెంట పల్లెలకు వసూళ్ళకు పోతే, టీ అంగళ్ళ చూరులో దోపిన గ్లాసులు కనపడేవి. ఎస్సీ కాలనీ వాళ్ళు వచ్చి ఆ గ్లాసు వాళ్ళే తీసుకుని, పైనుంచి పోపించుకుని, పక్కకు పోయి తాగి, కడిగి, మళ్ళా ఆడనే దోపి పోయేవాళ్ళు. ప్లాస్టిక్ గ్లాసులు వచ్చినాక చూర్లు ఖాళీ అయినాయి. అందరికీ ఒకటే గ్లాసు, తాగినాక అందరిదీ ఒకటే చెత్తబుట్ట. ఏ చట్టమూ చేయలేని పని మా అంగడి చేసిందని పెండ్లిళ్ళలో, పేరంటాల్లో నేను గొప్పగా చెప్పుకునేదాన్ని. మా డ్రైవరు ముందు కూడా చాలాసార్లు అన్నా. ఆయన ఎప్పుడూ కాదనలేదు.

డ్రైవరంటే మా లగేజీ ఆటో తోలే మనిషి. జమ్మలమడుగు దగ్గర ఒక ఊరి ఎస్సీ కాలనీ ఆయనది. మా దగ్గర చేరేటప్పటికి మీసాలు సరిగా రాలేదు, ఇప్పుడు కూతురు ఇంటరు చదువుతాంది. బండి తోలడమే కాదు, సరుకు దించేదీ ఆయనే, బాకీలు అడిగేదీ ఆయనే, నేను లేనప్పుడు బేరమాడేదీ ఆయనే. నన్ను అక్కా అంటాడు. నన్ను ఎక్కిరించే ధైర్యం మా ఆయనకు కూడా లేదు, డ్రైవరుకుంది. మా అక్క బేరమాడితే తూకం రాయి కూడా బరువు తగ్గుతాదని పల్లెపల్లెలో చెప్పి వచ్చేవాడు. ఆ నోటికే మాకు సగం గిరాకీ.

గాజు సరుకు కొత్త కాబట్టి మొదటిసారి నేను కూడా బండెక్కినా. జమ్మలమడుగు బస్టాండు దగ్గర రెండు అంగళ్ళవాళ్ళు మారుమాట లేకుండా తీసుకున్నారు. ఆ ఊపులో పెద్దముడియం దోవ పట్టి, దోవలో ఒక పల్లె దగ్గర ఆగినాం. ఆ ఊరి టీ అంగడాయన మాకు పాత ఖాతా. గొర్రెలమ్మి అంగడి పెట్టుకున్న మనిషి. సరసుడు. నన్ను శెట్టెమ్మా అంటాడు, నేను మామా అంటా. బెంచీ తుడిచి కూచోబెట్టి, ఏం శెట్టెమ్మా, పేపరు ప్లేట్లు తిని బలిసిపోయినావు, ఇప్పుడు గాజు తింటాండావా అన్నాడు. గ్లాసు చేతిలోకి తీసుకుని గోటితో టంగుమనిపించి, బాగుంది, టీకి రుచి వస్తాది అన్నాడు.

గాజు సరుకుకు ఒక పద్ధతి ఉంది. ప్లాస్టిక్ గ్లాసుల మాదిరి పాకెట్టు లెక్కన పడేసి రాలేం. కొన్నాయన ఎదుటే పెట్టె విప్పి, ఒక్కో గ్లాసూ బయటికి తీసి, పగిలినవి పక్కన పెట్టి, మంచివి లెక్క ఒప్పజెప్పాల. మా డ్రైవరు పెట్టె దించి, తాడు కోసి, మొదటి గ్లాసు బయటికి తీసినాడు.

"ఉండుండప్పా, నువ్వు బండి కాడుండు. మావోణ్ని పిలుస్తా" అన్నాడు అంగడాయన.

డ్రైవరు ఆ గ్లాసును మళ్ళా పెట్టెలో పెట్టి, చేతులు దులుపుకుని బండి దగ్గరికి పోయినాడు. ఎందుకని అడగలేదు. పాపం ఎండన పడి వచ్చినాడని కూచోమంటాండాడేమో అనుకున్నా. అంత తెలివి నాది.

అంగడాయన నా పక్కన కూచుని గొంతు తగ్గించినాడు. ఇది సరే, రెండో రకం యాడుందని అడిగినాడు. రెండో రకం ఎందుకు మామా, అన్నీ ఒకటే అయితే ఒకటి పగిలినా ఇంకోటి కలిసిపోతాది అని నేను వల్లించుకుని పోయిన మాట చెప్పినా.

"అదే శెట్టెమ్మా కష్టం. కలిసిపోతాది."

నేను నవ్వుతానని చూసినాడు. నాకు ఇంకా ఎక్కలేదు. అప్పుడు బండి పక్కకు కండ్లు తిప్పి, "వాళ్ళకు దేంట్లో పోయల్ల?" అన్నాడు.

పొయ్యి మీద పాలు పొంగినాయి. ఆయనే లేచి పోయి మంట తగ్గించి మళ్ళా వచ్చి కూచున్నాడు. 

ఇన్నేండ్లుగా నీ సరుకు దించింది ఆయనే గదా మామా అన్నా. అవి మూతి కట్టిన పాకెట్లు, విప్పుకునేది మేమే, ఇది చేత్తో తాకేది అన్నాడు. కోపం లేదు, ఎగతాళి లేదు. చక్కెర ధర చెప్పినంత మామూలుగా చెప్పినాడు. కేసైతాది మామా, జైలుకు పోతావు అంటే, దేనికి కేసు, కాలనీ వాళ్ళకూ ఊర్లో వాళ్ళకూ ఒకటే గ్లాసులో ఒకటే టీ పోస్తాండా, వచ్చి చూసుకోమను అన్నాడు. అదీ నిజమే. ప్లాస్టిక్ గ్లాసు ఉన్నన్నాళ్ళూ ఆయన మీద చట్టం వేలు పెట్టేకి సందు లేదు.

ఆయన వెనక గోడకు పంచాయతీ నోటీసు అంటించి ఉంది. పారేసే గ్లాసులు, ప్లాస్టిక్‌వైనా కాగితంవైనా, వాడితే జరిమానా అని, కింద సర్పంచి సంతకం. ఆ ఊరి సర్పంచి పదవి ఆ దఫా ఎస్సీ మహిళకు రిజర్వు అయింది. కాలనీ ఆమే సర్పంచి. ఆయన ఆ సంతకం మీద వేలు పెట్టి చూపించినాడు.

"ఆమె తనిఖీకి వస్తాది. టీ పోయకుండా పంపలేను గదా. ఈ గ్లాసులో పోస్తే ఊరోళ్ళు మళ్ళా నా అంగడి మెట్టెక్కరు. పోయకుంటే ఆమె మొగం ఎట్ల చూడల్ల? నాకేం పట్టింపు ల్యా శెట్టెమ్మా, నా పొయ్యి ఆరిపోతాది. పారేసే గ్లాసు ఉన్నన్నాళ్ళూ ఎవురికీ ఎవురూ కనపడకుండా బతికినాం. గవర్నమెంటోళ్ళూ నువ్వూ కలిసి దాన్ని పీకుతాండారు."

ప్లాస్టిక్ వల్ల కాలువలు పూడుకుపోతాయని, ఆవుల కడుపుల్లో చేరుతాదని, నిషేధం చట్టం రాసిన పెద్దమనుషులకు తెలుసు. ఆ గ్లాసు తీసేస్తే దాని కింద ఏముందో వాళ్ళకు తెలిసుండదు. వాళ్ళ సంగతి వదిలేయండి. దాన్ని అమ్మి ఇల్లు కట్టుకున్న నాకే తెలియదు. నేను గ్లాసు అమ్ముతాండాననుకున్నా. ఆ పల్లె నా దగ్గర కొన్నది అడ్డం పెట్టుకునేకి ఒక చాటు.

విప్పిన పెట్టె మళ్ళా కట్టుకుని బయలుదేరినాం. కొంచెం దూరం పోయినాక, నీకు ముందే తెలుసా అబ్బీ అని అడిగినా.

తెలిసేదానికి ఏముందక్కా అన్నాడు. లారీ దిగిన రోజు పెట్టెలన్నీ చూసినాడంట, ఒకటే రకం. "మా అక్క తెలిసే తెచ్చింది, ఊర్లను దోవకు తెస్తాంది అనుకున్నా. ఇంట్లో కూడా చెప్పినా."

నేను తలకాయ బయటికి తిప్పి శనగ చేన్లు చూస్తా కూచున్నా. బెంగుళూరాయనను ఓడించాలని చేసిన పని, ఈయన ఇంట్లో ఇంకో కథగా చెప్పుకున్నారు. కాదు అబ్బీ, ధర తగ్గుతాదని తెచ్చినా అని చెప్పల్ల. చెప్పలేదు. ఆ మాట వినేకి నాకు కూడా బాగుంది.

ఇల్లు చేరినాక బెంగుళూరుకు ఫోను చేసినా. పచ్చగీత ఎందుకు తీసుకోమన్నావని అడిగితే, మీ పక్క ఆర్డర్లు ఎప్పుడూ రెండు రకాలే వస్తాయి మేడం, ఎందుకని మేం అడగం అన్నాడు. అంత దూరాన, మా పల్లెల పేర్లు కూడా పలకలేని మనిషికి, మా పల్లెల సంగతి నాకంటే బాగా తెలుసు. మా ఆయన ఇదంతా విని, అయితే రెండో రకం తెప్పిస్తే సరిపోతాది గదా అన్నాడు. నేను ఆయన మీద అరిచినా. ఆ తర్వాత వారం రోజులు ఇంకో నాలుగు పల్లెలు తిరిగినా. ఒకాయన నవ్వుతా అడిగినాడు, ఒకామె మొగమాటపడతా అడిగింది, ఇంకొకాయన అడగకుండానే పెట్టెలోకి తొంగి చూసి వద్దన్నాడు. ప్రతిచోటా మా డ్రైవరు బండి దిగేవాడు. ప్రతిచోటా ఎవరో ఒకరు ఆయనను మళ్ళా బండి దగ్గరికి పంపేవాళ్ళు. నాలుగో ఊర్లో ఆయన దిగనే లేదు.

గోడౌను నిండా పెట్టెలు. అప్పు మీద తెచ్చిన సరుకు. పులివెందులలో మాకు తెలిసిన ఒక వ్యాపారి దగ్గర పచ్చగీత గ్లాసులు ఉన్నాయని తెలిసింది. నా తెల్లవి కొన్ని తీసుకుని, ఆయన పచ్చగీతవి ఇచ్చేకి ఒప్పుకున్నాడు. సిగ్గు విడిచి చెప్తాండా, ఆడ కూడా బేరమాడినా. రానూపోనూ బండి డీజిలు ఆయన మీదనే వేసినా.

పులివెందులకు బండి తోలుకుపోయింది మా డ్రైవరే. దేనికి పోతాండామో నేను చెప్పలేదు. పెట్టెలు మార్చుకునేటప్పుడు, పగిలినవి చూసేకి ఆయనే ఒకటి విప్పినాడు. పచ్చగీత గ్లాసు చేతిలో పట్టుకుని, వెలుతురుకు ఎత్తి చూసినాడు. పగిలిందేమో చూస్తాండాడనుకున్నా. లేదు, ఊరికే చూసినాడు. అన్నీ ఎక్కించి, తాడు బిగించి, బండి దగ్గర నిలబడినాడు. నేను దోవంతా మనసులో తయారు చేసుకున్న మాట బయటపెట్టినా. జీతం పైసా తగ్గియ్యను, దించేదానికి ఇంకొకాయనను పెడతా, నువ్వు బండి తోలితే చాలు అన్నా.

"నేను బండిలోనే కూచోవల్నా?"

"ఎండకు మోసేది తప్పుతాది గదా అబ్బీ."

ఆయన నవ్వినాడు. నా బేరాన్ని ఎక్కిరించేటప్పుడు నవ్వే నవ్వే. "బేరం బాగుందక్కా. పని తక్కువ, జీతం అంతే. ఇంతకీ నా దగ్గర నువ్వు కొంటాండేదేంది?"

నేను బిగించిన తాడునే ఇంకోసారి లాగి చూసినా. ఆయన జవాబు కోసం నిలబడలేదు. బండెక్కి స్టార్టు చేసినాడు. ప్రొద్దుటూరు దాకా కూతురి పరీక్షల గురించి, టైర్ల గురించి మాట్లాడినాడు. దిగేటప్పుడు, జమ్మలమడుగు దగ్గర బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో లారీకి పిలుస్తాండారు, నెలాఖరుకు పోతానక్కా అన్నాడు. బండలను ఎవరు దించినా ఎవరూ ఏమీ అనరంట. ఉండమని అడిగినా, జీతం పెంచుతానన్నా. అది కూడా బేరమే గదా. తల అడ్డంగా ఊపినాడు.

ఆయన చివరి రోజు పొద్దున, ఎప్పటి మాదిరే పై నుంచి టీ వచ్చింది. మా ఇల్లు అంగడి మీదనే. స్టీలు గ్లాసుల్లో నాకూ మా ఆయనకూ. డ్రైవరు అలవాటుగా చెయ్యి చాపి అరలో నుంచి ఒక కాగితం గ్లాసు తీసుకుని, చెంబులో మిగిలిన టీ పోసుకుంటాండాడు. నేను చూస్తా ఉన్నా. ఆయన మా దగ్గర చేరినప్పటి నుంచి రోజూ ఇదే జరిగింది, రోజూ నేను చూస్తానే ఉన్నా. గ్లాసుల అంగడి గదా, చేతికందే సరుకు, కడిగే పని లేదు అనుకుంటా ఉండేదాన్నో, అది కూడా అనుకోలేదో. పల్లెటూరి చూరు గ్లాసుల మీద ఇంత కథ చెప్పినదాన్ని, మా అరలో ఉన్న గ్లాసును ఎట్ల చూడలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. లేచి ఒక పెట్టె విప్పి తెల్ల గాజు గ్లాసు తీసి, కడిగి, టీ పోసి ఇచ్చినా. ఆయన తీసుకోకుండా నా మొగం చూసినాడు.

"ఇది ఎవురు కడుగుతారక్కా?"

నేను కడుగుతానన్నా. తీసుకుని తాగినాడు. నేను గిరాకీ చూసి తిరిగేలోపల ఆయనే కొళాయి కింద కడిగి, పెరటి గోడ మీద బోర్లించి, మా ఆయనకు తాళాలు ఇచ్చి పోయినాడు. సాయంత్రం అంట్లు తోమే ఆమె వచ్చి స్టీలు గ్లాసులు, గిన్నెలు అన్నీ లోపలికి చేరవేసింది. గోడ మీద గ్లాసును తాకలేదు. అడిగితే, అది ఆయప్పది గదమ్మా అనింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో అట్లాంటి కట్టడి ఒకటి ఉందని నాకే ఎవరూ చెప్పలేదు.

రెండు రకాలు చేతికి వచ్చినాక సరుకు కదిలింది. పెద్దముడియం దోవలో ఆ అంగడాయనే మొదట కొన్నాడు. కొత్తగా పెట్టుకున్న ఇద్దరు మనుషులు దించి లెక్క ఒప్పజెప్పినారు. మరి సర్పంచమ్మ వస్తే ఎట్ల మామా అని అడిగినా. ఆమెకు పచ్చగీత గ్లాసులో పోసేంత ధైర్యం నాకు ల్యా అని, పొయ్యి కింద అరలో నుంచి ఒక కట్ట తీసి చూపించినాడు. పాత ప్లాస్టిక్ గ్లాసులు. నిషేధం కాగితం మీద సంతకం చేసినామె కోసమని నిషేధం గ్లాసులు దాచిపెట్టినాడు. ఇద్దరం నవ్వినాం.

ఇంక చివరి బిల్లు. కాగితం గ్లాసుల మీద సర్కారు నిషేధం రాలేదు, నా చెవిలో ఊదినాయన మాట ఉత్తదైపోయింది. అయినా తనిఖీల భయం ఉన్నన్ని నెలలు పల్లెలు గాజు కొన్నాయి. అప్పు తీరింది. పగిలినవి, ఇద్దరు మనుషుల కూలి పోగా కొంత మిగిలింది కూడా, కాబట్టి నష్టపోయినానని చెప్పి మీ జాలి తీసుకోలేను. పాత బాకీల్లో సగం రావడం లేదు, అడిగే నోరు బండల లారీ తోలుకుంటాంది. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు నా దగ్గర అప్పుడు లేదు, ఇప్పుడుంది. నేను అమ్మేదాన్ని ఆయన చూడనట్టు కూచోవడం కొంటాండా. అది అమ్మేకి ఆయన ఒప్పుకోలేదు, నా బేరాల్లో తెగనిది అదొక్కటే. తెల్లవి పదమూడు పెట్టెలు ఇంకా గోడౌనులో ఉన్నాయి. పచ్చగీతవి, పోయిన ప్రతి పల్లెలో ప్రతి అంగడీ కనీసం ఒక పెట్టె తీసుకుంది. వద్దన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఒక్క పెట్టె కూడా మిగల్లేదు. అన్నీ నేనే అమ్మినా.